డౌన్‌లోడ్లు లెక్కిస్తే సరిపోదు

పరిశోధనలను అందరికీ ఉచితంగా అందించే ఓపెన్ యాక్సెస్ రిపాజిటరీ ఎంత పని చేస్తోందని అడిగితే వచ్చే మొదటి జవాబు డౌన్‌లోడ్ల సంఖ్యే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2009లోనే తన శాస్త్రవేత్తలకు ఓపెన్ యాక్సెస్‌ను తప్పనిసరి చేసింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) 2013లో అదే దారి పట్టింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు చేరే రిపాజిటరీ కృషికోశ్. తెలంగాణలోని జగిత్యాల వంటి చోట జరిగే పరిశోధన విలువను కృషికోశ్ డౌన్‌లోడ్ అంకెలతో తేల్చవచ్చా అన్నదే చిక్కు.

అసలు ఆ అంకే నిలకడైనది కాదు. సర్వర్ లాగ్‌ను లెక్కిస్తే తమంతట తామే పేజీలు తెరిచే సెర్చ్ ఇంజిన్ల ప్రోగ్రాములు (బాట్‌లు) కూడా పాఠకులైపోతాయి. పేజీలో అమర్చిన లెక్కింపు కోడ్‌ను నమ్ముకుంటే, గూగుల్ నుంచి నేరుగా పీడీఎఫ్ తెరిచినవారు లెక్కలోకే రారు. కౌంటర్ (COUNTER) అనే అంతర్జాతీయ నియమావళి తెలిసిన బాట్‌లను తీసేయమంటుంది, ఒకే పాఠకుడు ఒకే ఫైలుపై ముప్పై సెకన్లలోపు రెండుసార్లు నొక్కితే ఒకటిగానే లెక్కించమంటుంది. ఈ పద్ధతి పాటించిన రిపాజిటరీని పాటించని దానితో పోల్చితే, జాగ్రత్తగా లెక్కించినదే వెనకబడినట్టు కనిపిస్తుంది.

జగిత్యాలకు మరో ఇబ్బంది ఉంది. అక్కడి పొలాస వ్యవసాయ కళాశాల 2008లో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం కింద మొదలై, 2014లో జయశంకర్ విశ్వవిద్యాలయానికి వచ్చింది. జగిత్యాల 2016 దసరా దాకా కరీంనగర్ జిల్లాలోనే ఉంది. అంటే ఒకే చెలకలో జరిగిన ప్రయోగాలు ఏడాదిని బట్టి వేరే విశ్వవిద్యాలయం, వేరే జిల్లా ఖాతాలో పడతాయి. ఇంగ్లిషులో ఊరి పేరు జగ్‌త్యాల్ అని ఒకచోట, జగిత్యాల్ అని ఇంకోచోట రాస్తే వెతికేవారికి కొన్ని థీసిస్‌లే దొరుకుతాయి. అలా డౌన్‌లోడ్లు తగ్గితే ఆ తగ్గుదల పాఠకుల ఆసక్తిది కాదు, వివరాలు నమోదు చేసిన తీరుది.

లెక్క సరిగ్గా ఉన్నా అది పొలం సంగతి చెప్పదు. పొలాస పరిశోధన స్థానం విడుదల చేసిన జేజీఎల్ 1798 వరి రకాన్ని రైతులు జగిత్యాల సన్నాలుగానే ఎరుగుదురు. ఆ వరి వేసే రైతు దాని మీద వచ్చిన వ్యాసం తెరవడు. పక్క మడి రైతునో, వ్యవసాయ అధికారినో, విత్తనాల దుకాణాన్నో అడుగుతాడు. పొలానికి చేరిన పరిశోధనకు డౌన్‌లోడ్ సాక్ష్యం కాదు. ర్యాంకులకు, నిధులకు ఆ అంకెనే ఆధారం చేస్తే, ప్రాంతీయ పంటల మీద పనిచేసేవారికే ముందుగా దెబ్బ తగులుతుంది.

అలాగని అంకెలు దండగ కావు. రిపాజిటరీ లోపాలు పట్టుకోవడానికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు. వివరాల పేజీ చాలామంది చూసినా ఫైలు కొందరే తీసుకున్నారంటే అది తెరుచుకోనంత పెద్దదో, తాళం పడినదో చూడాలి. రిపాజిటరీ సొంత సెర్చ్ పెట్టె నుంచి ఎవరూ రాకపోతే అదే సరిగా లేదేమో పరీక్షించాలి. పోలిక పెట్టాల్సివస్తే ఒకే విషయం మీద, ఒకే కాలంలో చేరిన థీసిస్‌ల మధ్యే పెట్టాలి. మొత్తం డౌన్‌లోడ్ల పక్కన లెక్కించిన పద్ధతి, ఒక్కసారి కూడా తెరవని థీసిస్‌ల సంఖ్య ఏటా ప్రకటిస్తే, కోరుట్ల పశువైద్య కళాశాల వంటివి కూడా తమ థీసిస్‌లలో ఏవి మరుగున పడ్డాయో చూసి వివరాలు సరిచేసుకోగలవు.