తాగుడుకు కులమెందుకు అంటుకుంది?

క్లబ్బులో రోజూ నాలుగు పెగ్గులు వేసే పెద్దమనిషిని ‘సోషల్ డ్రింకర్’ అంటాం. మ్యాన్‌హోల్‌లోకి దిగే ముందు క్వార్టర్ తాగే కార్మికుణ్ణి చూసి ‘వాళ్లంతే’ అంటాం. మొదటివాడిది అలవాటట, రెండోవాడిది గుణమట. ఈ మాట యూనివర్సిటీ సెమినార్లలో కూడా వింటూనే ఉన్నాను, కాస్త మర్యాదైన భాషలో.

మెదడుకు ఈ తేడా తెలియదు. మద్యం నాడీకణాల జోరును తగ్గించే గాబాకు బలమిస్తుంది, జోరు పెంచే గ్లూటమేట్‌ను అణిచిపెడుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది: గాబాకు స్పందన తగ్గుతుంది, గ్లూటమేట్ జోరు పెరుగుతుంది. అప్పుడు మందు ఒక్కసారిగా ఆగితే బ్రేకుల్లేని బండే. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్‌షాపులు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం వరుస కట్టింది ఇందుకే. టీవీల్లో మాత్రం అదొక జోకు.

తాగాలన్న కోరిక సంగతి వేరు. మొదట్లో డోపమైన్ ‘ఇది మళ్లీ కావాలి’ అని నేర్పుతుంది. పోనుపోను తాగుడు స్ట్రయేటంలో అలవాట్లను నడిపే భాగం చేతిలోకి పోతుంది. ఆపాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పట్టు సడలుతుంది. ఒత్తిడి వ్యవస్థ ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. ఇక తాగేది హాయి కోసం కాదు, బాధ తగ్గడానికి. ఇలాంటి మనిషితో ‘మనసు గట్టి చేసుకో’ అనడం సలహా కాదు.

అయితే అంతా మెదడులోనే ఉందనే వాదనతోనూ నాకు పేచీ ఉంది. వియత్నాంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ 1970లలో పరిశీలించారు. ఇల్లు చేరాక వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ ఊబిలో పడలేదు. మత్తు వేరైనా, చోటు మారితే మెదడుకూ ఊపిరి తీసుకునే సందు దొరుకుతుందని అది చెబుతుంది. పారిశుధ్య కార్మికుడికి చోటు మారదు. ఆ కంపును తట్టుకోవడానికే తాగుతున్నామని వాళ్లు ఎన్నిసార్లో చెప్పారు. మర్నాడూ అదే గొయ్యి, అదే కంపు, ఆ పనిని పుట్టుకతోనే అంటగట్టిన అదే కులం. 2013 చట్టం కాగితం మీద ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధిగానే నిర్వచించింది. అంటే చికిత్స హక్కు. కానీ మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది. ఆ ఒక్కరు ఏ వాడవారో ఎవరూ లెక్క తీయలేదు.

1992లో దూబగుంట ఆడవాళ్లు మగవాళ్ల గుణాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు, సారా దుకాణం మీదికి, ప్రభుత్వ వేలంపాట మీదికి పోయారు. మనమూ ఎక్సైజ్ రాబడి నుంచే మొదలుపెట్టాలి: అందులో ఎంత డబ్బు జిల్లా ఆసుపత్రుల డీఅడిక్షన్ మంచాలకు పోతోందో బడ్జెట్‌లో విడిగా చూపమనాలి. మురుగు పని మానుకున్నవాళ్లకు ఇచ్చే పునరావాసంలో ఈ చికిత్సనూ చేర్చమనాలి.