వ్యాధిగ్రస్తుని వాకిట ఆశీలు

సంతలో ఆశీలు కలదు. రేవులో సుంకము కలదు. అమ్మువాడును కొనువాడును లాభము నాశించి చేరు తావులలో కొంత రుసుము గొనుట లోకాచారము. ఆసుపత్రికి లాభము నాశించి వచ్చువా రెవ్వరు? జ్వరపీడితుడగు అన్నను మోటారుసైకిలుపై తెచ్చిన తమ్మునికిని, ప్రసవవేదన పడుచున్న కోడలిని కారులో తెచ్చిన మామకును ముందుగా ఎదురగువాడు వైద్యుడు కాడు; చీటిపుస్తకము చేతబట్టిన గుత్తదారుని మనిషి. పెక్కు ఆసుపత్రులలో ఇది నిత్యదృశ్యమైపోయినది. ఈ యాచారము అన్యాయమని మా నిశ్చితాభిప్రాయము.

తడ వాసులకు ఇది దూరపు ముచ్చట కాదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన మన మండలము నెల్లూరు జిల్లానుండి విడివడి తిరుపతి జిల్లాలో చేరినది. సూళ్ళూరుపేటలో కుదురని వ్యాధికి నెల్లూరో, తిరుపతియో, చెన్నపట్టణమో దిక్కు. రోగము రైలువేళలు చూచుకొని రాదు గనుక వాహనము విలాసము గాదు, అవసరము. మందునకొకసారి, రక్తమునకొకసారి, అన్నమునకొకసారి బయటికి పోయివచ్చు తోడుమనిషి ప్రతిమారును చీటి కొనవలసివచ్చినచో, ఆనాటి కూలి పోగొట్టుకొన్న వానికి అది రెండవ దండన. రాత్రి పని ముగించి బస్సులేని వేళ ఇల్లు చేరవలసిన నర్సు, తెల్లవారకమున్నే వచ్చి వార్డు కడుగు పారిశుద్ధ్య కార్మికురాలు తమ పనిస్థలమున అడుగిడుటకే రుసుము చెల్లింపవలెనా? కచేరీలో గుమాస్తా తన కుర్చీకి అద్దె యిచ్చుచున్నాడా?

న్యాయదృష్టితో చూతము. సకాలమున వైద్యమందకుండుట జీవించు హక్కునకు భంగమని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాలు వ్యాజ్యమున తీర్పుచెప్పినది. 2017నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమములు ఆసుపత్రులు వాహనములకు స్థలము విడువవలెనని విధించినవి. అనుమతికై విడిచిన స్థలమును వచ్చినవారికే అమ్ముట ఏ నీతి? తెలంగాణ ప్రభుత్వము 2018లో పెద్ద అంగళ్ళ సముదాయములయందు మొదటి అరగంట రుసుము గొనరాదని ఆజ్ఞాపించినది. మన రాజమార్గముమీది టోలుగేటున సైతము ఆంబులెన్సుకు సుంకము లేదు. చీర కొనవచ్చినవారికి గల మన్నన ప్రాణము దక్కించుకొనవచ్చిన వారికి లేకుండుట వింత.

రుసుము లేకున్న పరాయి వాహనములు నిండిపోవునని ఒక ఆక్షేపణ కలదు. దీనిని మేము తేలికగా త్రోసివేయము. తిరుపతిలో రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు అలిపిరి మార్గముననే యున్నవి. యాత్రికుల రద్దీ అక్కడ అపారము. అయినను దీనికి మందు సులభము. ఓపీ చీటిపైనో, చేర్పు పత్రముపైనో ముద్రవేసి వాహనమును ఉచితముగా విడువుడు. ఆ ముద్ర లేనివానివద్ద రుసుము గొనుడు. దొంగకు వేయవలసిన తాళము ఇంటివారి నోటికి వేయనేల? కావలివాని జీతమునకు సొమ్మెక్కడిదందురా? వార్డులోని దీపమునకు, ఊడ్చువారి జీతమునకు ఎక్కడిదో అక్కడిదే. పైగా, హెచ్చుపాటకు స్థలము దక్కించుకొన్నవాడు కావలి ఖర్చుతో తృప్తినొందడు. పాటసొమ్మును లాభమును రోగుల మూటలనుండియే రాబట్టుకొనును.

వాకిలి ఒకరి సొత్తైనచో ఏమగునో 2022 ఏప్రిల్‌లో రుయా ఆసుపత్రివద్ద లోకమెల్ల చూచినది. చనిపోయిన బాలుని స్వగ్రామము చేర్చుటకు ప్రైవేటు ఆంబులెన్సువారు వేలకు వేలు కోరిరనియు, బయటినుండి వచ్చిన ఉచిత వాహనమును రానీయలేదనియు పత్రికలు ప్రకటించినవి. కన్నతండ్రి ఆ శవమును మోటారుసైకిలుపై సుమారు తొంబది కిలోమీటర్లు కొనిపోయెను. అది వాహనము నిలుపు రుసుము కాదు, నిజమే. కాని వాకిటి పెత్తనమును వ్యాపారమున కప్పగించు బుద్ధి రెంటను ఒక్కటే.

ఇతరదేశములు ఈ పాఠము నేర్చుకొన్నవి. వేల్సు, స్కాట్లండు 2008లోనే ప్రభుత్వాసుపత్రులలో ఈ రుసుమును తొలగింప మొదలిడినవి. స్కాట్లండున మూడు ఆసుపత్రులలో మాత్రము ప్రైవేటు ఒడంబడికల మూలమున 2021లో గాని అది శాశ్వతముగా తొలగలేదు. గుత్తకిచ్చుట సులువు, విడిపించుకొనుట దుర్ఘటము. ఇంగ్లండు మహమ్మారి కాలమున సిబ్బందికి ఉచితముగా చేసి, 2022 మార్చి ముగియగానే ఆ సౌకర్యమును నిలిపివేసినది. చప్పట్లు కొట్టిన చేతులే చీటి చాచినవి!

కావున మేము కోరునది స్వల్పము. ప్రభుత్వాసుపత్రులలో రోగులకు, తోడుమనుష్యులకు, సిబ్బందికి రుసుము రద్దు కావలెను. ఉన్న గుత్తలు గడువు తీరిన పిదప మరల పాటకు పెట్టరాదు. అంతదనుక రేటుల పలక తెలుగునను తమిళమునను వాకిట వ్రేలాడవలెను. చీటి దినమున కొక్కటే చాలవలెను. ప్రైవేటు ఆసుపత్రులను గూర్చి పురపాలకులు అనుమతి పత్రములు తిరుగవేసి చూడవలెను.

చదువరులారా! పది రూపాయలకేమి తగవని ఊరకుందురు గాబోలు. 1921-22లో పల్నాటి రైతులు పుల్లరికి ఎదురొడ్డినపుడు వారు చూచినది రొక్కపు మొత్తము కాదు. అడవి యెవరిదను ప్రశ్న. నేటి ప్రశ్నయు అట్టిదే: ఆసుపత్రి యెవరిది? మీ పఠనమందిరమున ఈ విషయమును చర్చింపుడు. మీకిచ్చిన చీటీలను దాచియుంచుడు. వానిని జతపరచి జిల్లా కలెక్టరుగారికి మహజరు పంపుడు. రుజువుతో వచ్చిన మహజరును బుట్టదాఖలు చేయుట ఎంతటి అధికారికైనను కష్టము.