ఎక్కి నడుపు కోతయంత్రమా? వెంట నడచు కోతయంత్రమా?

వరి గింజ పాలు పోసుకొను నాటినుండియే అయిజ ప్రాంతమున రైతుల నోట ఒక ప్రశ్న వినవచ్చును: "ఈసారి కోత దేనితో?" కొడవలి పట్టు కూలీలు దొరకుట కష్టమైనది. మనిషి పైకెక్కి నడుపు కంబైన్ హార్వెస్టరును పిలువవచ్చును. వెనుకనుండి పిడి పట్టుకొని నడుపు రీపరును వాడవచ్చును. కోసిన వరిని కట్టలు గట్టు రీపర్ బైండరును తెప్పించవచ్చును. పట్టణములలో పెద్ద భవనముల ముందరి పచ్చికను మనిషి తోడు లేకయే కోయు యంత్రములు వచ్చినవని విని, అవి పొలములోనికి ఎప్పుడు వచ్చునని అడుగు యువకులును కలరు. వీనిలో ఏది మేలు?

ఫలానా యంత్రమే మేలని ఒక్కమాటలో తేల్చువాని మాట నమ్మవలదని నా మనవి. యంత్రమును ఎన్నుకొనుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను. మడి ఎంత పెద్దది? నేల ఎంత గట్టిది? కోసిన పిమ్మట గడ్డి ఎవరికి కావలెను? మొదటి రెండింటిని దాదాపు అందరును చూచుచున్నారు. మూడవదానిని మరచుచున్నారు. మన నడిగడ్డలో ఆ మూడవ ప్రశ్ననే ముందుగా అడుగవలెనని నా అభిప్రాయము.

యంత్రము భూమినిబట్టి పుట్టినది

కోతయంత్రముల చరిత్రను ఒకసారి చూడుడు. అమెరికాలో సైరస్ మెకార్మిక్ 1831లో గుర్రములు లాగు కోతయంత్రమును నడిపి చూపెను. 1836లో అక్కడి మిచిగాన్ రాష్ట్రములో హైరమ్ మూర్ కోత, నూర్పిడి రెండును ఒకేసారి చేయు యంత్రమునకు పేటెంటు పొందెను. అదియే నేటి కంబైనుకు మూలము. భూమి విస్తారముగా ఉండి, మనుషులు తక్కువగా ఉన్న దేశమునకు అట్టి యంత్రము అవసరమైనది. ఇంచుమించు ఆ కాలముననే, 1830లో, ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగు పచ్చిక కోయు యంత్రమును కనిపెట్టెను. అందుండి ఎక్కి నడుపు యంత్రములు వచ్చినవి. 1995లో స్వీడన్ దేశపు హస్క్‌వర్నా సంస్థ మనిషి లేకనే తిరుగు పచ్చికయంత్రమును అమ్మకమునకు తెచ్చినది.

పచ్చికబయలు గలవారు గూడ యంత్రమును కొనునప్పుడు నేలనే చూతురు. చెట్లు, మలుపులు తక్కువై బయలు విశాలముగా ఉన్నచో ఎక్కి నడుపునది వారికి అనుకూలము. చుట్టును హద్దు చూపి వదలుటకు వీలున్నచో తానే తిరుగునది అనుకూలము. అయితే వారికిని మనకును ఒక పెద్ద భేదము కలదు. పచ్చికబయలులో కోసిన గడ్డి చెత్త. మన పొలములో కోసిన గడ్డి మేత. కావున వారి లెక్క మన లెక్క కాజాలదు.

మన నేల, మన నీరు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డలో నల్లరేగడి, ఎర్రచెలక రెండును కలవు. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో తుంగభద్రపై కట్టిన రాజోలిబండ ఆనకట్టనుండి వచ్చు కాలువ క్రింద మన వైపు 87,500 ఎకరముల ఆయకట్టు నిర్ణయింపబడినది. జూరాల జలాశయపు నీటిని ఎత్తిపోయు నెట్టెంపాడు పథకము మరికొన్ని పొలములను తడుపుచున్నది. కాలువ తలపున ఉన్నవారికి నీరు ముందు, చివరనున్నవారికి వెనుక అందుట మీరెరిగినదే. అందుచేత నాటు ఒకేసారి పడదు. కోతయు ఒకేసారి రాదు. తలపున పది మడులు ఒక్కసారి పండినప్పుడు కంబైన్ పిలువకయే వచ్చును. చివరి భూమిలో పదిహేను దినములు ఆలస్యముగా పండిన ఎకరము కొరకు అది తిరిగి రాదు. ఆ రైతునకు తన ఊరిలోనే చిన్న యంత్రమొకటి ఉండుట ఎంత అవసరమో ఆలోచింపుడు.

ఇంకొక మార్పును గమనింపవలెను. పూర్వము మన పశువులకు జొన్నచొప్ప ప్రధానమైన మేత. జొన్న తగ్గినది; పత్తి, మిరప పెరిగినవి. పత్తికట్టెను ఎద్దు తినదు, మిరపకట్టెను ఆవు ముట్టదు. వేరుశనగ తీగ కొంత ఆదుకొనినను అది ఏడాది పొడుగున చాలదు. కావున నీటివసతి గల గ్రామములలో వరిగడ్డియే పశువుల ప్రాణాధారమైనది. అట్టి గడ్డిని కోతనాడు తెలియకయే పారవేసికొనుచున్నాము.

కంబైన్ పక్షమున

కంబైన్ వలని మేలును తక్కువ చేసి చెప్పరాదు. నేల ఆరి, మడి పెద్దదైనచో అది గంటకు సుమారు రెండు ఎకరములు కోసి, నూర్చి, గింజను ట్రాలీలో పోయును. యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలలలో వచ్చును. ఆ కాలమున గాలివాన ఒక్క సాయంకాలములో పండిన వరిని పడగొట్టగలదు. ఆకాశము నల్లబడినప్పుడు గడ్డిని గూర్చి చర్చించుటకు వేళ లేదు. గింజను ఇంటికి చేర్చుటయే ధర్మము. పడిపోయిన పైరును గూడ అనుభవము గల డ్రైవరు కంబైనుతో చాలవరకు ఎత్తి కోయగలడు. వానకాలపు కోతలో రేగడి నేల తడిగా ఉన్నచో టైర్ల బండి దిగబడును. అచ్చట చైన్ బండినే పిలువవలెను.

అయితే దాని లోపములు గూడ ఎరుగుట మంచిది. కంబైనుతో కోసిన ధాన్యములో తేమ తరచుగా నూటికి 20కి పైబడి ఉండును. కొనుగోలు కేంద్రమున కేంద్రప్రభుత్వ ప్రమాణము నూటికి 17. ఆరబోయుటకు కల్లము, టార్పాలిను సిద్ధముగా లేనివానికి కోత త్వరగా ముగిసినను అమ్మకము త్వరగా ముగియదు. యంత్రములోని గాలిపంకా వేగము తగ్గించి నడిపినచో తాలు, చెత్త గింజతోనే ట్రాలీలో పడును. తూకమునాడు ఆ నష్టము రైతుదే. ఒకరి పొలమునుండి ఇంకొకరి పొలమునకు పోవునప్పుడు లోపల నిలిచిన గింజలు, కలుపువిత్తులు వెంట వచ్చును. విత్తనమునకు ఉంచుకొను మడిని అట్టి బండితో కోయించు రైతు, ముందు దానిని శుభ్రము చేయించి, మొదట పడిన కొన్ని బస్తాలను వేరుగా ఉంచవలెను.

అన్నిటికంటె పెద్ద లోపము గడ్డి సంగతియే. కంబైన్ నేలకు జానెడు, జానెడున్నర ఎత్తున కోయును. క్రింది భాగము కొయ్యకాలుగా నిలిచిపోవును. పైభాగము నలిగి వెనుక చెల్లాచెదరుగా పడును. దానిని ఏరించుటకు ఓపిక లేక, తరువాతి పంటకు తొందరపడి, అగ్గిపుల్ల గీయువారు కలరు.

రీపరు పక్షమున

వెంట నడచు రీపరు నాలుగడుగుల వెడల్పున వరిని నేలకు మూడు నాలుగు అంగుళముల ఎత్తులోనే కోసి, వెన్నులన్నియు ఒకే వైపునకు వచ్చునట్లు ప్రక్కకు పరచును. గంటకు అర ఎకరమునుండి ముప్పాతిక ఎకరము వరకు సాగును. ఎనిమిది పది మంది కూలీలు దినమంతయు కోయు ఎకరమును ఇది రెండు గంటలలో ముగించును. చిన్న మడిలో తిరుగును, గట్టును తెగగొట్టదు. గడ్డి నిలువుగా, చెడకుండ దక్కును. కట్టలు గట్టుటకును, మోయుటకును, నూర్చుటకును మనుషులు కావలెను గనుక, కూలికి పోవు స్త్రీల పని పూర్తిగా పోదు. వంగి కోయు బాధ మాత్రము తప్పును.

లోపములు దీనికిని కలవు. పడిపోయిన పైరును ఇది సరిగా కోయలేదు. కోసిన వరి పొలములో ఆరు దినములలో వాన కురిసినచో గింజ మొలకెత్తు ప్రమాదము కలదు. నూర్పిడియంత్రము వేరుగా కుదుర్చుకొనవలెను. ఈ ఏర్పాట్లు చేసికొనలేనివాడు రీపరును పిలిచి ప్రయోజనము లేదు.

గడ్డి లెక్క

ఇప్పుడు కాగితము తీసి లెక్క వేయుదము. ఎకరమునకు 25 క్వింటాళ్ళ ధాన్యము పండినచో, మొదలంటకోసిన గడ్డియు ఇంచుమించు అంతే వచ్చును. ఒక ఎద్దు పచ్చిమేత, దాణా గాక దినమునకు 6 కిలోల ఎండుగడ్డి తినునని అనుకొందము. జతకు 12 కిలోలు. ఏడాదికి 4,380 కిలోలు, అనగా సుమారు 44 క్వింటాళ్ళు. రెండెకరముల గడ్డి ఒక జతను ఏడాది పొడుగున పోషించునన్నమాట. అదే రెండెకరములను కంబైనుతో కోయించి గడ్డిని వదలినవాడు ఎండాకాలమున మోపు మోపునకు వెల పెట్టి కొనవలెను. అయిజ తిక్కవీరేశ్వరస్వామి జాతరలో బండలాగు ఎద్దులను చూచి ఉప్పొంగు మనము, వాని నోటి కూడును పొలములో వదలివచ్చుట తగునా?

కాల్చినవాని నష్టము ఇంకను ఎక్కువ. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని కలదు. అది కాల్చినప్పుడు దాదాపు అంతయు పొగలో పోవును. ఎకరమునకు రెండున్నర టన్నుల గడ్డి అనుకొన్నచో పోవు నత్రజని 14 కిలోలు. యూరియా రూపమున అది 30 కిలోలు, అనగా 45 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. 2025 వానకాలమున యూరియా బస్తా కొరకు వరుసలో నిలిచిన రైతునకు ఈ లెక్క వేరుగా విడమరచి చెప్పనక్కరలేదు. నేలకు గుల్లతనమిచ్చు సేంద్రియ పదార్థము, పైపొరలోని సూక్ష్మజీవులు పోవుట దీనికి అదనము.

మనిషి లేని యంత్రము

తానే నడచు యంత్రమును గూర్చి యువకుల ఉత్సాహమును నేను కాదనను. జపాను వంటి దేశములలో ఉపగ్రహ సంకేతములనుబట్టి మడిలో తిరుగు ట్రాక్టర్లు, కంబైన్లు తయారైనవి. అచ్చట సేద్యము చేయువారు వృద్ధులగుచున్నారు, మనుషులు దొరకరు. కనుక ఆ ఖర్చు వారికి తగును. మన మడులు చిన్నవి, గట్లు వంకరవి. కోతనాడు పొలములో పిల్లలు, పశువులు, పరిగె ఏరువారు తిరుగుచుందురు. చెడిన దినమున దానిని బాగుచేయువాడు మన దగ్గర లేడు. కావున ఇప్పట్లో అది మన పొలమునకు తగినది కాదు. నేర్చుకొనవలెనను యువకుడు ముందు రీపరు బ్లేడు మార్చుట, ఇంజను బాగుచేయుట నేర్చుకొన్నచో ఊరిలోనే గౌరవముగా బ్రతుకగలడు.

నా సలహా

పశువులు ఉండి, రెండు మూడు ఎకరముల లోపు వరి గల రైతు రీపరునే ఎన్నుకొనుట మంచిది. గింజ నూటికి 85, 90 వంతులు పసుపు వర్ణమునకు తిరిగిన పిమ్మట వాతావరణ సూచన చూచుకొని కోయవలెను.

పెద్ద మడులు ఉండి పశువులు లేనివారు కంబైనునే పిలువవచ్చును. అయితే కంబైనును మాట్లాడునాడే గడ్డిచుట్టలు కట్టు బేలరును గూడ మాట్లాడవలెను. గడ్డి తనకు అక్కరలేకున్నను పొరుగువానికి కావలెను; గోశాలకు, పాడిరైతుకు కావలెను. మిగిలిన కొయ్యకాలును రోటవేటరుతో తడినేలలో కలియదున్నవలెను గాని నిప్పు పెట్టరాదు.

కంబైనును సొంతముగా కొనవలెనను కోరిక గలవారు ఒక్క లెక్క చూడుడు. ఐదెకరముల రైతునకు దానితో రెండున్నర గంటల పని. రెండు పంటలకు కలిపి ఐదు గంటలు. ఏడాదికి ఐదు గంటల పని కొరకు పదుల లక్షల అప్పు చేయుట వివేకము కాదు. ఇతర జిల్లాలకు త్రిప్పి బాడుగకు నడుపగలవారికే అది వ్యాపారము. రీపరు, బైండరు, బేలరు వంటివానిని పదిమంది కలిసి గాని, రైతు ఉత్పత్తిదారుల సంఘము ద్వారా గాని తీసికొనుట మేలు. వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకము క్రింద చిన్న, సన్నకారు రైతులకును, స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని వెలలో సగము వరకు, ఇతరులకు నూటికి 40 వరకు రాయితీకి అవకాశము కలదు. మీ వ్యవసాయ విస్తరణ అధికారిని రైతు వేదికలో కలిసి, ఆ సంవత్సరపు కేటాయింపు విచారింపుడు.

గ్రామాధికారులకు మనవి

పంచాయతి కార్యదర్శులు, గ్రామ పాలనాధికారులు తలచుకొన్నచో ఈ పని సులభమగును. కోతలకు మూడు వారముల ముందు గ్రామసభలో ఒక జాబితా వ్రాయింపుడు: ఎవరి మడి ఎప్పుడు పండును, ఎవరికి గడ్డి కావలెను, ఎవరికి అక్కరలేదు. ప్రక్కప్రక్క మడుల వారిని ఒకే దినమునకు కుదిర్చినచో యంత్రము వృథాగా తిరుగదు, బాడుగ తగ్గును. పంకా తగిన వేగముతో నడుపవలెనని బండి యజమానితో ముందే అందరి ఎదుట మాట తీసికొనుడు. గడ్డి అక్కరలేనివానిని, గడ్డి లేనివానిని ఒకచోట కూర్చోబెట్టుడు. ఈ ఒక్కపని చేసినచో మీ గ్రామములో పొగ లేవదు.

రైతు సోదరులారా, వరి పండించినవాడు రెండు పంటలు పండించుచున్నాడు. ఒకటి మనిషికి, ఒకటి పశువునకు. గింజను మాత్రమే లెక్కించి యంత్రమును ఎన్నుకొన్నచో సగము పంటను మరచినట్లే. ఈసారి బండివానికి ఫోను చేయుటకు ముందు మీ కొట్టములోనికి ఒకసారి పోయి, అక్కడ ఎన్ని నోళ్ళు ఉన్నవో లెక్కించుడు. ఏ యంత్రము పిలువవలెనో ఆ లెక్కయే మీకు చెప్పగలదు.