ముందు బోటులోకి నీళ్ళు ఆపండి బాబూ, యాప్ తర్వాత చేద్దురుగాని

మత్స్యకారులకి ఏదన్నా చేద్దాం అనగానే మన ఐటీ జనాలకి తట్టేది ఒక్కటే: యాప్. ఆమధ్య మా ఆఫీసులో సేవా నిధులు దేనికి ఖర్చుపెట్టాలని చర్చ పెడితే నాలుగు ప్రతిపాదనల్లో మూడు యాప్‌లే. నాలుగోది నాది: చిన్న ఫైబర్ బోట్లలోకి కెరటం జల్లు కొట్టకుండా ముందు భాగంలో అడ్డు కట్టిద్దాం అని. "ఇందులో టెక్నాలజీ ఏముంది?" అన్నారు. ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్తా.

హెచ్చరికలు వద్దని నేననట్లేదు. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ 2020లో చిన్న పడవల కోసమే ఒక సూచనల వ్యవస్థ మొదలుపెట్టింది. 7 మీటర్ల లోపు వెడల్పున్న పడవలకి, కెరటాల ఎత్తు, నిటారుదనం వగైరా లెక్కగట్టి ఎక్కడ బోల్తాపడే ప్రమాదం ఉందో చెప్తుంది. చాలా మంచి పని. కానీ హెచ్చరిక లేని రోజున సముద్రం చెరువులా ఉంటుందా? మామూలు గాలికే ఎదురెళ్ళే బోటులోకి నీళ్ళు పడుతూనే ఉంటాయి.

లెక్క చూడండి. బోటు అడుగున 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పున 10 సెంటీమీటర్ల నీళ్ళు చేరాయనుకోండి. అంటే 300 లీటర్లు, 300 కిలోల పైమాట. టిక్కెట్టు లేకుండా నలుగురు ఎక్కినట్టే. ఈ నలుగురూ ఒకచోట కూర్చోరు, బోటు ఎటు ఒరిగితే అటే పరిగెత్తి ఇంకా ఒరగదోస్తారు. 7 మీటర్ల బోటు ఈ బరువుకి సుమారు 5 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అంచు నీటికి దగ్గరవుతుంది కాబట్టి తర్వాతి కెరటానికి లోపలికి రావడం ఇంకా సులువు. ఇలాంటి లూపు సర్వర్లో కనిపిస్తే రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాం కదా!

పాత తెప్పకి ఈ బాధ లేదు. దుంగల మధ్య సందుల్లోంచి వచ్చిన నీళ్ళు అలాగే పోతాయి. మనిషి తడుస్తాడు గానీ తెప్ప నిండదు. ఫైబర్ బోటు వేగం, చోటు ఇచ్చింది, దాంతోపాటు నీళ్ళు నిలిచే తొట్టి కూడా ఇచ్చింది. అందుకని తెప్పకి వెనక్కి పొమ్మనడం తెలివితక్కువ మాట. తొట్టిలోకి నీళ్ళు రాకుండా చూడటం తెలివైన పని.

దీనికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు. బోటు ముందు భాగం పక్కలు పైకి పోయేకొద్దీ బయటికి వాలి ఉండాలి. బయటివైపు పొడుగునా ఒక పట్టీ, దాని అంచు పదునుగా ఉండాలి. గుండ్రంగా ఉంటే నీళ్ళు దాన్నే పట్టుకుని పైకి పాకుతాయి, పదునుగా ఉంటే తెగి పక్కకి పోతాయి. ముక్కు దగ్గర చిన్న మూత, దాని వెనక నీళ్ళని రెండు పక్కలకీ పంపే అడ్డుపలక. ఇవన్నీ దాటుకుని వచ్చిన నీళ్ళు ఒకేచోట చేరేలా వెనక ఒక గుంట.

"తోడుకుంటారుగా" అంటారొకరు. వల లాగేటప్పుడు తోడేదెవరు? నలుగురిలో ఒకడు రోజంతా డబ్బా పట్టుకు కూర్చోవాలా? ఇన్‌పుట్ చెక్ రాయకుండా, తప్పుడు డేటాని రోజూ ఒక మనిషిని పెట్టి చేత్తో తుడిపించే ప్రాజెక్టులు మనం చూళ్ళేదూ?

"అంచు ఎత్తు పెంచితే వల లాగలేరు" అనేది మాత్రం సరైన అభ్యంతరం. చుట్టూ పెంచితే నడుం విరుగుతుంది, గాలికి ఎక్కువ ఊగుతుంది కూడా. అందుకే పెంచాల్సింది ముందు మూడో వంతే. మిగతాచోట కావాలంటే తీసి పెట్టుకునే పలకలు. ఎంత ఎత్తు, ఏ పక్కన అన్నది వేటకెళ్ళేవాళ్ళే చెప్పాలి, మనం కాదు.

"వాళ్ళకి తెలీదా?" అనేది ఇంకో ప్రశ్న. భేషుగ్గా తెలుసు. కానీ ఫైబర్ బోటు అచ్చులో పోసి తీసేది. అచ్చు ఎలా ఉంటే బోటు అలా వస్తుంది. ఆ అచ్చు యార్డువాడిది, కొనేవాడిది కాదు. అచ్చంటే సోర్స్ కోడన్నమాట. అక్కడ ఒక్కసారి దిద్దితే ఆ తర్వాత వచ్చే ప్రతి బోటూ బాగుపడుతుంది. 2004 సునామీ తర్వాత సాయం కింద ఎన్నో ఫైబర్ బోట్లు పంచారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలోనూ సంప్రదాయ మత్స్యకారులకి బోట్లూ వలలూ ఉన్నాయి, భద్రతా కిట్లూ ఉన్నాయి. కిట్టు అనగానే మనకి గుర్తొచ్చేది లైఫ్ జాకెట్. అది నీళ్ళలో పడ్డాక పనికొచ్చేది. పడకముందు సంగతేంటి? ప్రజల డబ్బుతో బోటు ఇచ్చేటప్పుడు జల్లు పట్టీ, ముందు మూత, మునిగినా తేలే ఫోమ్ లేనిదే బిల్లు పాస్ చెయ్యం అనే షరతు పెట్టడం అంత కష్టమా?

మనవంతుగా, ఈసారి మీ ఆఫీసులో సేవా నిధుల మాట వస్తే ఒక్క అచ్చు మార్చడానికి ఎంతవుతుందో ఏదన్నా యార్డులో కనుక్కోండి. ఆ పక్కనే మీ యాప్ ఖర్చు కూడా రాయండి. ఏది ముందో అప్పుడు మాట్లాడుకుందాం.