కుళాయి నీటి లెక్క చెప్పాలి
లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీటికి ఆర్‌ఓ యంత్రాలు వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే ఆదేశించినా, శుద్ధి చేసిన నదీజలం అందుతున్న ఇళ్లలోనూ అవి పెరుగుతూనే ఉన్నాయి. ఖర్చు కొనుగోలుతో తీరదు: క్యాండిళ్లు, మెంబ్రేన్, సర్వీసింగ్ అంటూ ఏటా వేల రూపాయలు పోతాయి; తాగేదానికన్నా వృథాగా పారే నీరే తరచూ ఎక్కువ; కాల్షియం, మెగ్నీషియం కూడా వడపోతలో పోతాయి. ఫ్లోరైడ్ బోరునీరే దిక్కయిన నల్లగొండ పల్లెకు ఆర్‌ఓ ప్రాణావసరం, దాన్ని తప్పుపట్టలేం. మిగతాచోట ఏ యంత్రం కావాలో, అసలు కావాలో వద్దో చెప్పేది అమ్మకందారు ఒక్కడే కావడం అన్యాయం. పంచాయతీలు, పురపాలక సంఘాలు కుళాయి దగ్గరే నీటిని పరీక్షించి, లవణాలు, ఫ్లోరైడ్, క్లోరిన్, మురుగు కాలుష్యం వివరాలను వీధివారీగా ప్రతినెలా ప్రకటించాలి. మురుగు కలిసేచోట ముందు పైపులు మార్చాలి. ఆ భారం కుటుంబాలపై వేయకూడదు.