గ్రంథాలయము మౌనమఠము కాదు

వేసవి సెలవులు వచ్చినవనగానే మన తెలుగు కుటుంబములలో రెండు మాటలు వినబడుచుండును. “ఈ రెండు నెలలు పిల్లలను ఎక్కడ ఉంచుదుము?” అనునది మొదటిది. “ఊరినుండి అమ్మమ్మ, తాతయ్య వచ్చినారు, పాపము వారికి ప్రొద్దు గడచుట లేదు” అనునది రెండవది. ఈ రెండు చింతలకును ఒక్కటే మందు కలదు. దానికి ప్రజా గ్రంథాలయమని పేరు. అయినను మన బొమ్మసంద్రలో ఈ మందు పేరు తలచువారు అరుదు. ఎవరైన తలచిరా, వారితో వాదమునకు దిగువారు పదిమంది. ఆ వాదములకు బదులు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను కోరునది స్పష్టముగా మొదటనే చెప్పెదను. ఏటేట ఏప్రిల్ రెండవ వారమునుండి మే నెలాఖరు వరకు, మనకు దగ్గరలోనున్న ప్రభుత్వ గ్రంథాలయ శాఖలో, ఆరేండ్ల బాలుడు మొదలు ఎనుబదియేండ్ల వృద్ధుని వరకు అందరికిని కార్యక్రమములు జరుగవలయును. అవి ఉచితముగా జరుగవలయును. కన్నడమునను తెలుగునను జరుగవలయును. వానిని అడుగుటకును, నడుపుటకును మన తెలుగు సంఘములు ముందునకు రావలయును.

మొదటి వాదము ఇట్టిది: “గ్రంథాలయమనగా నిశ్శబ్దముగా చదువుకొను చోటు. అచ్చట కథలేమి, పాటలేమి, పిల్లల గోలయేమి?” ఇట్లు పలుకువారు మన తాతల చరిత్రను మరచినారు. 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన, ఎండలు ముదురుచున్న దినములలోనే, బెజవాడ రామమోహన గ్రంథాలయములో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సమావేశమైనారు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించినారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు తన జీవితమునే ధారపోసినారు. ఆ పెద్దల దృష్టిలో గ్రంథాలయము పుస్తకముల గిడ్డంగి కాదు. వయోజనులకు రాత్రి పాఠశాలలు, హరికథలు, ఉపన్యాసములు, ఊరూరికి గ్రంథాలయ యాత్రలు, ఇవన్నియు ఆ పనిలో భాగములే. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో తిరుగు పడవలపై పుస్తకములను పెట్టించి, ప్రయాణికులచే చదివించినారు. పడవలో నిశ్శబ్దమెక్కడిది? తెడ్ల చప్పుడు, పసిపిల్లల ఏడ్పు, బేరగాండ్ర కేకలు, వీని నడుమనే అక్షరము సాగినది.

ఇది మన ఆంధ్రుల వింత కూడ కాదు. బరోడా సంస్థానములో శాయాజీరావు మహారాజుగారు 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని పిలిపించి ప్రజా గ్రంథాలయములను నెలకొల్పినారు. చదువురాని ప్రజలకు బొమ్మలు, చలనచిత్రములు చూపుటకు అందులో ప్రత్యేకముగా ఒక విభాగముండెను. అక్షరము రానివాడు కూడ గ్రంథాలయ గడప త్రొక్కుటకు అర్హుడని ఆ మహారాజు గ్రహించినాడు. అక్షరము వచ్చిన మనము గ్రహింపకుండుట న్యాయమా?

ఒకప్పుడు ఒక గ్రంథాలయ శాఖలో, దాని పేరు ఇచ్చట అనవసరము, ఒక ముసలమ్మ మనుమరాలిచేత తెలుగు వాచకమును కూడబలికించి చదివించుచుండగా చూచితిని. ఆ పిల్ల కంఠము కొంత పెద్దది. వెంటనే ఉద్యోగి వచ్చి, “ఇది మీ ఇల్లు కాదు” అని ఇద్దరినీ బయటకు పంపినాడు. ఆ ముసలమ్మ మారుమాట పలుకక పుస్తకమును అచ్చటనే పెట్టి వెడలిపోయినది. ఆమె మరల ఆ గడప త్రొక్కినట్లు నేను చూడలేదు. ఒక్క మాటతో గ్రంథాలయము ఇద్దరు పాఠకులను పోగొట్టుకొన్నది.

అయితే ఈ వాదములో ఒక పిసరు సత్యము లేకపోలేదు. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను పేద యువకులకు ఇంటిలో చోటుండదు. వారికి నిశ్శబ్దము కావలయును. దానికి మార్గము వేళలను పంచుకొనుట. గ్రంథాలయము వారి కొరకు దినమంతయు మౌనముగా నుండి, ఇతరుల కొరకు రెండు గంటలు మాటలాడినచో ఎవ్వరికిని నష్టము లేదు.

రెండవ వాదము: “వేసవి శిబిరములు వీధివీధికి వెలసినవి. డబ్బు కట్టినచో పిల్లలకు బొమ్మలు గీయుట, నాట్యము, ఈత అన్నియు నేర్పుదురు. గ్రంథాలయమేల?” డబ్బు కట్టగలవారి మాట ఇది. బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో దినమునకు ఎనిమిది గంటలు యంత్రము ముందు నిలుచువాని బిడ్డకు ఆ శిబిరము అందదు. డబ్బున్నవారికైనను ఆ శిబిరములలో ఒక లోపము కలదు. అవి మనుష్యులను వయస్సును బట్టి విడదీయును. పిల్లవాడు శిబిరములో, తల్లి వంటింటిలో, తాతయ్య వరండాలో ఉందురు. గ్రంథాలయ మొక్కటే మూడు తరములను ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టగలదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో క్లీవ్‌లాండు ప్రజా గ్రంథాలయము వంటివి 1890ల దశకములోనే సెలవులలో పిల్లలచే పుస్తకములు చదివించుటకు పూనుకొన్నవి. బార్బరా హెయిన్సు అను పరిశోధకురాలు అట్లాంటా నగరములోని పిల్లల చదువును పరిశీలించి 1978లో ఒక గ్రంథము ప్రకటించినది. సెలవులలో పిల్లవాని చదువు వెనుకబడకుండ కాపాడుటకు తక్కిన వ్యాపకములన్నిటికంటె పుస్తక పఠనమే ఎక్కువ తోడ్పడునని, దానికి ప్రజా గ్రంథాలయ మెంతయో ఆధారమని ఆమె తేల్చినది. మన స్వరాష్ట్రమగు ఆంధ్రప్రదేశములో గ్రంథాలయ సంస్థలు ఇటీవలి వేసవులలో పిల్లలకు విజ్ఞాన శిబిరములు నడుపుచున్నవి. ఈ కర్ణాటకములోనే 2020లో “ఓదువ బెళకు” అను పథకముతో గ్రామపంచాయతీ గ్రంథాలయములలో పిల్లలకు ఉచిత సభ్యత్వమిచ్చినారు. చుట్టుపట్ల పల్లెలలో వెలిగిన దీపము మన పట్టణములో ఏల వెలుగరాదు?

మూడవ వాదము చాల మర్యాదగా వచ్చును: “మనము కన్నడదేశములో ఉన్నాము. ప్రభుత్వ గ్రంథాలయములో తెలుగు ముచ్చట అడుగుట బాగుండునా?” 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 5.8 శాతము. మనము చుట్టములము కాము, ఇచ్చటివారమే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వుల ఊరు మోక్షగుండము నేటి ఆంధ్రప్రదేశములోనిది. ఆయన మైసూరు దివానుగానున్న 1912–1918 సంవత్సరముల నడుమనే బెంగుళూరు ప్రజా గ్రంథాలయము వెలసినది. భారతదేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన రంగనాథన్‌గారు తమిళులు. వారు తమ చివరి దినములను ఈ బెంగుళూరులోనే గడపి 1972లో ఇచ్చటనే కన్నుమూసినారు. విద్యకు ఎల్లలు గీయువారు ఈ ఊరి సంగతి ఎరుగనివారు.

నేను కన్నడమును త్రోసి తెలుగును పెట్టుమనుటలేదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుమనుచున్నాను. ఈ రెండు లిపులును ఒక తల్లి బిడ్డలు. ఈ రాష్ట్రములో మన పిల్లలు బడిలో కన్నడము చదువుచున్నారు. కన్నడ అక్షరము వచ్చిన బిడ్డకు తెలుగక్షరము సగము పైగా వచ్చినట్లే. తలకట్టు మార్పు, కొన్ని గుణింతముల వంకర, కొద్ది అక్షరముల భేదము తెలిసినచో చాలును. మన ఇండ్లలో తెలుగు మాటలాడుచు, తెలుగు చదువలేని పిల్లలెందరు! వారికి లేనిది భాష కాదు. ఆ కొద్ది వంకరలను చూపువారు లేరు. దానికి సంవత్సరముల చదువు అక్కరలేదు. ఒక వేసవి చాలును. అదే బల్లవద్ద కన్నడపు బాలుడు కూర్చున్నచో అతనికిని తెలుగక్షరము అబ్బును. వేమన పద్యమును ఒకరు, సర్వజ్ఞుని త్రిపదిని ఒకరు చదివి అర్థము చెప్పుకొన్నచో, పొరుగువారు మనలను అనుమానింపరు. మనతో కలిసి కూర్చుందురు. తలుపులు మూసి తెలుగు నేర్పినచో అనుమానము పుట్టును. తలుపు తెరచి నేర్పినచో స్నేహము పుట్టును.

నాల్గవ వాదము డబ్బును గూర్చినది: “ప్రభుత్వము దగ్గర దీనికి ధనమెక్కడిది?” నేను జీవితమంతయు గుమాస్తాగా పనిచేసినవాడను, రసీదులు చదువుట నా వృత్తి. 1965 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము ఈ రాష్ట్రములో ఆస్తిపన్ను మీద రూపాయికి 6 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. 5,000 రూపాయల ఇంటిపన్ను కట్టువాడు 300 రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడన్నమాట. నూరిండ్లవారు అట్లు కట్టినచో 30,000 రూపాయలు. మనము గ్రంథాలయమునకు పోయినను పోకున్నను ఆ సొమ్ము మననుండి పోవుచునే ఉన్నది. అద్దెకున్నవాడు కూడ అద్దె రూపమున ఇంటి యజమాని పన్నును మోయుచునే ఉన్నాడు. కావున మన మడుగునది బిచ్చము కాదు. మూల్యము చెల్లించిన సరుకును అంగడినుండి తెచ్చుకొనకుండ, అది లేదని వాపోవువాని నేమందురు?

ఐదవవారు నవ్వి, “పుస్తకములన్నియు ఇప్పుడు చేతిలోని ఫోనులోనే ఉన్నవి కదా” అందురు. ఉన్నవి. సంగీతము కూడ ఫోనులో ఉన్నది; అయినను త్యాగరాజ ఆరాధనకు పదిమంది కూడుచున్నారు. కథ ఫోనులో దొరకును. కథ చెప్పుచు మధ్యలో ఆగి, “తరువాత ఏమగునో నీవే చెప్పుము” అని బిడ్డ ముఖము చూచు అమ్మమ్మ దొరకదు. మరియొక మాట. ఆ ఫోనులో పింఛను కాగితము నింపుట, వైద్యుని వేళ నిర్ణయించుకొనుట రాక తికమకపడు వృద్ధులెందరు! పదునేడేండ్ల కుర్రవాడు గ్రంథాలయములో ఒక గంట కూర్చుండి నేర్పినచో ఆ పెద్దవారికి కొండంత ఉపకారము. అదియు గ్రంథాలయపు పనియే.

ఇప్పుడు మన సంఘములవైపు వత్తము. దూరప్రాంతములలో తెలుగు సంఘమనగా ఉగాదికి ఒక సభ, పచ్చడి, సన్మానము, సినిమా పాటలు, భోజనము అని స్థిరపడినది. వానిని నేను కాదనను. కాని మరునాడు మిగులున దేమి? విస్తరాకులును, ఛాయాచిత్రములును. పుస్తకములున్న సంఘములలో సైతము బీరువా తాళము కార్యదర్శిగారి ఇంటిలో, కార్యదర్శిగారు ఊరిలో లేరు! పెద్దలు చనిపోయినప్పుడు వారి ఇంటి తెలుగు పుస్తకములు తూకమునకు పోవుచున్నవి. 1901లో హైదరాబాదులో రాజభాష ఉర్దూగా నున్న కాలమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు విందులతో తృప్తిపడియుండినచో, ఆ నేలపై తెలుగు చదువు ఏ స్థితిలో ఉండెడిదో ఆలోచింపుడు.

చేయవలసిన పని పెద్దది కాదు. ఫిబ్రవరిలోనే గ్రంథాలయాధికారులకు కన్నడములో ఒక విన్నపము వ్రాయవలయును. క్రింద తెలుగువారితోపాటు కన్నడ, తమిళ పొరుగువారి సంతకములును ఉండవలయును. ఉదయము ఒక గంట పిల్లలకు అక్షరములు, కథలు. మధ్యాహ్నము రెండు గంటలకు మొదటి షిఫ్టు దిగి వచ్చు కార్మికులకు సాయంకాలము ఒక గంట వార్తాపత్రిక పఠనము, దరఖాస్తులు వ్రాయుటలో సాయము. గృహిణులకు, వృద్ధులకు వారమునకు రెండు దినములు పద్యపఠనము, ఆరోగ్య విషయముల ప్రసంగము. ఆదివారము అందరును కలిసి ఒక సభ. అందులో పిల్లలు అమ్మమ్మల నోట విన్న కథలను వ్రాసి చదువవలయును. దీనికి పదిమంది స్వచ్ఛందముగా వారమునకు రెండేసి గంటలు ఇచ్చినచో చాలును. ఉద్యోగవిరమణ చేసినవారము మనలో ఎందరము లేము?

2025 ఆగస్టునుండి బొమ్మసంద్రకు మెట్రో బండి వచ్చినది; నగరములోని గొప్ప గ్రంథాలయములకు పోవుట సులువైనదని కొందరందురు. యువకులకు సులువే. కాని మోకాళ్ళనొప్పుల అమ్మమ్మకు, ఆరేండ్ల మనుమనికి నడచిపోదగిన దూరములోని గదియే గ్రంథాలయము.

ఎవ్వరును రాని గ్రంథాలయములో పుస్తకములకు చెదలు పట్టును. ఎవ్వరును అడుగని భాషకు అలమారలో చోటు తగ్గిపోవును. అడిగించుకొనని అధికారిని నిందించుట తరువాత. అడుగని మన నోటిని ముందు తెరువవలయును. రాబోవు ఉగాది సభలో సన్మానముల పట్టికకు ముందు ఆ విన్నపపత్రము బల్లపైకి రావలయును. సంతకము చేయుటకు కలము నేను తెచ్చెదను.