ఇల్లు కొనువారికిఁ దమ మనిషి

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు పట్టణములు మూఁడును జిల్లా కేంద్రములైనవి. కచేరీలు వచ్చినవి, వానివెంట ప్లాట్లబేరములును వచ్చినవి. ఈ యూళ్లలో ఇల్లు కొనఁబోవు సంసారులు పలువురు ఇల్లు చూపిన మధ్యవర్తినే నమ్మి, అతని చేతిమీదుగనే బయానా యిచ్చుచున్నారు. అతఁడు అమ్మువారివద్దను, కొనువారివద్దను కమీషను పుచ్చుకొనును. ధర పెరిగినకొలఁది యతని కమీషనును పెరుగును. అట్టివాఁడు మన పక్షమున బేరమాడునని యెట్లు తలఁతుము? అతఁడు దుష్టుఁడని మేమనుట లేదు. పెండ్లిండ్ల పేరయ్య మంచివాఁడే యైనను, మనవైపునుండి యొకరిని పంపి వరుని యిల్లువాకిలి విచారింపక పిల్లనిత్తుమా?

కావునఁ గొనువారు తమకై వేఱొక మధ్యవర్తిని కుదుర్చుకొనుట మేలని మా యభిప్రాయము. అతని కూలి మనమే యీయవలెను. అమ్మువారివద్ద నతఁడు చిల్లిగవ్వయుఁ బుచ్చుకొనరాదు. ఇది దండుగ ఖర్చని మగవా రనవచ్చును. బయానాకు మొదట కరఁగునది మన మెడలోని బంగారము గనుక, ఈ విషయమున మాటాడు హక్కు మనకుఁ గలదు.

మన మనిషి చేయవలసిన పనులలో ముఖ్యమైనది విచారణ. ఆ స్థలము చెరువు శిఖములో నున్నదా, అసైన్డు భూమియా, లేఅవుటుకు అనుమతి కలదా యని యతఁడు చూడవలెను. సబ్ రిజిస్ట్రారు కచేరీలో ఈసీ తీయించినంతనే చాలదు. ఈసీలో రిజిస్టరైన దస్తావేజులు మాత్రమే కనఁబడును. ఆ యింటి ఆఁడుబిడ్డల భాగము కనఁబడదు. తండ్రి వీలునామా వ్రాయక గతించినచో, ఆయన స్వార్జితములో భార్యకును, కుమార్తెలకును, కుమారులతో సమానముగ భాగము కలదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చెప్పుచున్నది. అన్నదమ్ములు మాత్రమే సంతకములు చేసి యమ్మిన యింటిపై అక్కచెల్లెండ్రు పిమ్మట దావా వేసిన, కొన్నవారి గతి యేమి? అమ్మువారి మధ్యవర్తి యీ ప్రశ్న నెత్తిన బేరము చెడును. కనుక సాధారణముగ నెత్తఁడు. అమ్మకము జరిగినను జరుగకున్నను కూలి దొరకువాఁడే వీధిలో నడిగి తెలిసికొని వచ్చును. (ఆఁడుబిడ్డ భాగము ఆఁడుబిడ్డకు చేరుటయు మన కిష్టమే గదా!)

అయిదువందల చదరపు మీటర్లకు మించిన క్రొత్త వెంచర్లు సాధారణముగ 2016 నాటి చట్టము ననుసరించి రెరాలో నమోదు కావలెను. వానిలో బేరములు చేయు ఏజెంటును నమోదు కావలెను. ఆ నంబరు అడిగి చూచుకొనుఁడు. అయితే నంబరు కలిగినంతమాత్రమున నతఁడు మనవాఁడు కాఁడు. అమెరికాలో 2024 ఆగష్టునుండి, కొనువారి ఏజెంటు ఇల్లు చూపుటకు ముందే తన కూలి యెంతయో తెలుపు ఒప్పందమును వ్రాసికొనవలెనను నియమము వచ్చినది. అచ్చట నున్న మన బిడ్డల నడిగినఁ జెప్పుదురు.

మన యూళ్లలోను అట్టి కాగితము వ్రాసికొనవచ్చును. కూలి నూటికింత యని కాక, ఇంత మొత్తమని వ్రాయుఁడు. లేకున్న మన మనిషికిని ధర పెరుగుటయే లాభమగును. రెండవవైపు నేమియుఁ బుచ్చుకొననని యతనిచే వ్రాయించుఁడు. ఏజెంటు చాటున తనకై బేరము చేసికొన్నచో, ఆ లాభమును యజమాని యడుగవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టములోనే యున్నది. సంతకమైన యా కాగితమును బయానా రసీదుతోఁ గలిపి బీరువాలో నుంచుఁడు.